మేడగదికి నిచ్చెన

మా ముత్తాత ఇన్నారెడ్డి గారు కృష్ణ అవతలి ఒడ్డు నుంచి ఎడ్లబండ్ల మీద ఇవతలికి వచ్చి, మఠంపల్లికి కొంచెం ఎడంగా ఉన్న మా ఊళ్లో అడవి కొట్టి పొలం చేసినవారు. ఆయన కొడుకు, మా తాతగారు చిన్నపరెడ్డి, ఆ ఊరికి మాలీ పటేలు. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు పోయేది. సూర్యాపేట నుంచి ఏ అధికారి వచ్చినా మా వసారాలోనే దిగేవాడు. కోదాడ సంతకు పోయే బండివాళ్లు మా ఇంటి ముందుకు రాగానే కిందికి దిగి, ఇల్లు దాటాక మళ్లీ ఎక్కేవాళ్లు. ముత్తాతగారి కాలంలోనే మేము క్రీస్తును నమ్ముకున్నాం. అందుచేత తాతగారు ఊరికి పటేలే కాక సంఘానికి పెద్ద కూడా. మా ఇంటిపేరు ఇక్కడ రాయను. తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. ఆ వరసలో మిగిలింది నేనొక్కదాన్నే. ఇప్పటికీ కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం నాకు చేతకాదు; నాయనమ్మ అలా పెంచింది.

మొన్న మిర్యాలగూడలో నేనుంటున్న రెండు గదుల ఇంటికి రూతు అనే టీచరమ్మ వచ్చింది. మా ఊరి గూడెం పిల్ల, మా ఇంట్లో జీతానికి ఉన్న యాకోబుకు మనవరాలు. ఊళ్లో కొత్త గుడి కట్టుకున్నారట, పెంతెకొస్తు పండుగ నాడు ప్రతిష్ఠ అట, నేను తప్పక రావాలట. కింద గుడి, పైన ప్రార్థన గది. "పైన ఎందుకమ్మా, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎట్లా ఎక్కుతారు?" అన్నాను. "మెట్లు వెడల్పుగ కట్టించినమమ్మా, ఎవ్వరికి కష్టం కావొద్దని," అంది. టీ గ్లాసు కింద పెట్టి, కొంచెం ఆగి, "ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. మీ మేడకు ఇంటి లోపల మెట్లుండేనంట గదా. ఎట్లుండే అవి? మా తాత ఎప్పుడు చెప్పినా నిచ్చెన సంగతే చెప్పేది. మెట్లు మావాళ్లెవ్వరు సూడలేదంట," అంది. ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు. పాత ఇళ్ల మీద ఇష్టంతో అడిగినట్టే అడిగింది. నేను మాత్రం ఎండలు ఎలా ఉన్నాయని అడిగి మాట దాటేశాను. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు నాకు మిరపకాయల కోరు, ఆ ఘాటు వాసన వస్తూనే ఉంది.

మా మేడగది వాసన అది. ఏడాది పొడుగునా ఎండుమిరపకాయలు, చింతపండు, ఆవాలు, బెల్లం అచ్చులు అక్కడే ఉండేవి. వసారా దాటితే పెద్ద హాలు, హాలు చివర వంటింటి గుమ్మం, ఆ గుమ్మం పక్క నుంచే పైకి టేకు మెట్లు. ముత్తాతగారు ఆ టేకును ఎక్కడి నుంచో వాగుల మీదుగా తెప్పించారని చెప్పేవారు. మెట్ల పక్క కమ్మీ చేతికి తగిలితే పట్టులాగా జారేది. వారానికోసారి నాయనమ్మ వాటిని కొబ్బరినూనె గుడ్డతో తుడిపించేది. అది కూడా గూడెం పనివాళ్లతో కాదు, ఇంటి ఆడపిల్లలతో. నాకు పద్ధెనిమిదేళ్లు వచ్చేదాకా తుడిచాను. తెల్లవారకముందే తాతగారు ఆ మెట్ల మొదట్లో నిలబడి గొంతు సవరించుకునేవారు. అది విని ఇల్లంతా లేచేది. లేచి, హాల్లో చాపల మీద కూర్చుని వాక్యం వినాలి. చదివేది ఆయనే. ఆయన గొంతులో వాక్యం తీర్పు చెప్పినట్టుగా ఉండేది.

గూడెంలో వాక్యం చెప్పేది దేవసహాయం పంతులు గారు. కోదాడ వైపు మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవారు. భుజాన గుడ్డ సంచీ, దానిలో వాక్యగ్రంథం, పలక, ఒక ఇత్తడి గంట. పగలు గూడెం పిల్లలకు అక్షరాలు, సాయంత్రాలు చుట్టుపక్కల పల్లెల్లో పాటలు, ప్రార్థనలు. పెన్‌పహాడ్ దాకా నడిచిపోయిన రోజులున్నాయి. నేనొకసారి, "పంతులు గారూ, అంతదూరం నడుస్తారెందుకు, తాతగారిని అడిగితే బండి కట్టించరా?" అన్నాను. "మీ బండి మీద పోతే, దాన్ని చూసి దారిలో మనుషులు దిగిపోతారమ్మా. వాళ్లు దిగాక నేనెవరితో మాట్లాడనండీ?" అని నవ్వారు. అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆయన మా ఊరికి వచ్చిన మొదటి రోజు నుంచీ ఆ సంచీ మోసినవాడు యాకోబు. పగలు మా ఎడ్లు, మా నాగలి. సాయంత్రం పని దిగగానే పంతులు గారి సంచీ, లాంతరు.

రజాకార్ల గొడవలు ముదిరి దారులు మూసుకుపోయిన ఆ ఎండాకాలంలో పంతులు గారు వడదెబ్బ తగిలి పోయారు. సూర్యాపేట నుంచి పాస్టరు గారు రాలేని పరిస్థితి. సమాధి కూడా సంఘం వాళ్లే చేసుకున్నారు. ఆ తర్వాత ఆరోహణ పండుగ ముందు రోజు, పంతులు గారి భార్య సువార్తమ్మ, గూడెం పెద్దలు కొందరు, వెనక యాకోబు, మా వసారా ముందు ఎండలో నిలబడ్డారు. పంతులు గారు ఏటా ఆ పండుగకు చెప్పిన సంగతే వాళ్లు మోసుకొచ్చారు. గురువు పైకి వెళ్లిపోయాక శిష్యులు చెదిరిపోలేదు. ఊళ్లోకి వచ్చి ఒక మేడగదిలో చేరి, ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక్క మనసుతో ప్రార్థిస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. తమలో ఖాళీ అయిన చోటుకు, మొదటి నుంచీ గురువు వెంట నడిచినవాళ్లలో ఇద్దరిని నిలబెట్టి, చీటి వేసి ఒకడిని తీసుకున్నారు. పెంతెకొస్తు నాడు ఆత్మ అగ్నిలా వాళ్ల మీదికి దిగింది; అప్పుడే పనికి బయలుదేరారు. తామూ అలాగే చేస్తామని, పండుగ నుంచి పెంతెకొస్తు దాకా పది రోజులు మేడగది ఇమ్మని అడిగారు.

తాతగారు మీసం మీద చెయ్యి వేసుకుని, "ఏం సువార్తమ్మా, మేడ లేకపోతే దేవుడు రాడా?" అన్నారు.

"వస్తడు పటేలా. మా గుడిసెలల్లకు రోజు వంగి వస్తనే ఉన్నడు. గని వాళ్లు పైన కూసున్నరని మా ఆయన చెప్పి చెప్పి సచ్చిండు. వాళ్లు చేసినట్టే చేద్దామని మా ఆశ. ఊళ్లె మేడ మీకొక్కరికే ఉన్నది. మాకుంటే మిమ్ముల అడుగుతుంటిమా?"

వసారా అంతా నవ్వింది, తాతగారితో సహా. ఆయన కాదనలేదు. కాదనకపోవడానికి ఆయన కారణం ఆయనకు ఉంది. గూడెంలో పటేలు మాట కంటే పంతులు మాట ఎక్కువ చెల్లుతుందని ఆయనకు ఎప్పటినుంచో గుచ్చుకుంటూ ఉంది. ఖాళీ అయిన ఆ చోటు మా ఇంటికి రావాలి. సూర్యాపేటలో చదువుకుని, పరీక్ష తప్పి, హార్మోనియం, తలనూనె తప్ప వేరే వ్యాపకం లేకుండా ఇంట్లో ఉన్న మా జోజి చిన్నాన్నను తాతగారు ఒకరిగా నిలబెట్టారు. గూడెం వాళ్లు యాకోబును నిలబెట్టారు. చిన్నాన్న పంతులు గారి వెంట నడిచింది రెండు క్రిస్మసులకు హార్మోనియం బండి వెనక. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మేడగది ఇవ్వడమైతే ఇచ్చారు. దానికి దారి ఏదన్నది ఆ సాయంత్రం హాల్లో తేలింది. అవి ఆవకాయ రోజులు. హాలంతా మామిడికాయ ముక్కలు తెల్లని పంచెల మీద ఆరుతున్నాయి. మెట్ల పక్కన జాడీలు, ఆవపిండి, నూనె డబ్బాలు. మేము క్రీస్తును నమ్ముకుని మూడు తరాలైనా ఆవకాయకు మడి తప్పలేదు. తలస్నానం చేసి, తడి జుట్టు ముడిచి, ఎవరినీ తాకకుండా నాయనమ్మ కలిపేది. పరాయి నీడ పడితే బూజు పడుతుందని ఆమె నమ్మకం. "గూడెం వాళ్లు ఈ హాల్లోంచి, వంటింటి గుమ్మం పక్క నుంచి పైకి పోతారా? ఏడాది తిండి పారబోసుకోమంటారా?" అంది.  మర్నాడు పొద్దున్నే తాతగారు యాకోబును పిలిచి, పెరటి వైపు మేడగది కిటికీ కమ్ములు తీయించి, ఆ కిటికీకి వెదురు నిచ్చెన కట్టమన్నారు. యాకోబు చేతే కట్టించారు. చీలికలు కొట్టి, తాళ్లు తడిపి, గట్టిగా కట్టాడు. సువార్తమ్మ కింద నిలబడి, "ఆ పేరు పెట్టుకున్నందుకు నీకు నిచ్చెన తప్పలే బిడ్డా. ఆ యాకోబుకు కలల దేవదూతలు ఎక్కి దిగిండ్రంట. నీ నిచ్చెనకు మేమే దిక్కు," అంది. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. కిటికీలోంచి చూస్తున్న నేనూ నవ్వాను. అవమానం పడేవాళ్లు ముందుగా తామే నవ్వేసి మనల్ని తేలిక చేస్తారు. ఆ సంగతి ఆ వయసులో నాకెవరు చెప్తారు?

అలా మొదలైంది. సాయంత్రం పనులు ముగించుకుని, కాళ్లు కడుక్కుని, గూడెం వాళ్లు ఒక్కొక్కరే నిచ్చెన ఎక్కి కిటికీలోంచి లోపలికి దిగేవాళ్లు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు బిగించి, కిందివాళ్లను దూరంగా జరగమని కసిరి ఎక్కేవాళ్లు. తాతగారు, చిన్నాన్న, నేను లోపలి మెట్ల మీదుగా పోయేవాళ్లం. మిరపకాయ బస్తాలు ఒక మూలకు జరిపినా కోరు పోతుందా? మొదటి రోజు పాట ఎత్తుకోగానే తుమ్ములు. ఒకరు ఆగితే ఒకరు. "అగ్ని దిగివస్తదన్నరు గదనే అత్తా, నాకైతే ముక్కులకెల్లి దిగుతున్నది," అన్నాడు యాకోబు. సువార్తమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మూస్కొని తుమ్మురా. నువ్వు తుమ్మినా పైకి పోతది," అంది. అందరూ ఒకేసారి నవ్వి, ఒకేసారి తుమ్మి, తర్వాత ఒకేసారి నిశ్శబ్దమయ్యారు. అలాంటి నిశ్శబ్దం నేను తర్వాత ఎన్నో పెద్ద గుళ్లలో వెతికాను, దొరకలేదు. వాళ్లు పెద్ద పెద్ద మాటలతో ప్రార్థించలేదు. ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరితో ఎవరికి మాటలు లేవు, వేములపల్లి దగ్గర కూలికి పోయినవాళ్లు ఎప్పుడొస్తారు, పంతులు గారు సగం నేర్పి వదిలేసిన పాట మిగతా సగం ఎవరికి గుర్తుంది. పోట్లాడుకున్న వదినా మరదళ్లు ఆ మిరపకాయ బస్తాల మధ్యే మాట కలుపుకున్నారు. ఒక్క మనసు కావడమంటే కూర్చుని కుదుర్చుకోవలసిన పని అని అక్కడే చూశాను. మేము ముగ్గురం మాత్రం బెంచీ మీద కూర్చునే ఉన్నాం. మా ఇంట్లో వాళ్ల గురించి మేము ఒక్క మాటా చెప్పలేదు. పటేలింటి సంగతులు గూడెం చెవిన వేస్తామా?

పెంతెకొస్తు నాటికి సువార్తమ్మ మోకాళ్లు వాచిపోయాయి. రోజూ ఎక్కి దిగి వాచాయని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు వయసు మీద పడిందనుకున్నాం. ఆ సాయంత్రం ఆమె నిచ్చెన దగ్గరకు వచ్చి రెండు మెట్లు ఎక్కి, వాటినే పట్టుకుని దిగిపోయింది. కింద మట్టిలో కూర్చుని పైకి చూసి అరిచింది. "నాతోని కాదు బిడ్డా. మీరు కానియ్యుండ్రి. నాకు ఈడికే ఇనొస్తది." పంతులు గారి సంచీ ఆమె ఒళ్లోనే ఉంది.

చీటీలు వద్దని ఆమె ముందే చెప్పి ఉంచింది. కాగితం మీద రాస్తే చదువు వచ్చినవాళ్లకే తెలుస్తుందని, అందరి కళ్లకూ కనపడేట్టు ఒక పక్క అరగదీసిన చింతగింజ వేయమంది. అష్టాచెమ్మాకు వేసే లాంటిదే. తెలుపు పైకి పడితే చిన్నాన్న, నలుపు పడితే యాకోబు. ఏ రంగు ఎవరికన్నది తాతగారే చెప్పారు. అలాగే చెప్తారని అందరికీ తెలుసు. ప్రార్థన చేసి, సంఘ పెద్దగా తాతగారే వేశారు. గింజ నేల మీద దొర్లి, గోడకు తగిలి, మిరపకాయ తొడిమల మధ్య ఆగింది. నలుపు.

ఎవరూ కేక వేయలేదు. పటేలు ముందు సంతోషించడం కూడా అడిగి చేయవలసిన పనే మరి. తాతగారు గింజ వైపే చూస్తూ, "గోడకు తగిలింది. మళ్లీ వేస్తాను," అన్నారు.

"వెయ్యి పటేలా," అన్నాడు యాకోబు. మెల్లగానే అన్నాడు.

తాతగారు వంగి గింజ తీశారు. ఆయన వంగడం నేను చూసింది అదే మొదలు. అంతలో జోజి చిన్నాన్న హార్మోనియం మూత వేసి, "నాన్నా, ఎన్నిసార్లు వేసినా నేను పోనుగాక పోను. ఊరూరు తిరిగి ఆ ఎండలో చచ్చేది నేను కాదు," అన్నాడు. చిన్నాన్న తన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. తాతగారి చెయ్యి కాసేపు గాల్లో ఉండిపోయింది. తర్వాత గింజను కిటికీ గట్టు మీద పెట్టారు. "దేవుని చిత్తం," అన్నారు.

అప్పుడు యాకోబు లేచాడు. మా ముందు వాడు ఎప్పుడూ తలపాగా తీసి చేతిలో పట్టుకునే నిలబడతాడు. అప్పుడూ అలాగే నిలబడి, "పటేలా, సంచి సువార్తమ్మ కాడున్నది. అది నాకు ఇయ్యాల్సింది ఆమెనే. జర ఇంట్ల మెట్లకెల్లి ఆమెను పైకి రానియ్యి. ఇగ ఇంకేమి అడగ," అన్నాడు.

గదిలో అందరూ తాతగారి వైపు తిరిగారు. తాతగారు నా వైపు తిరిగారు. ఆ చూపు నాకు అర్థమైంది. నాయనమ్మను అడిగి రమ్మని అందులో లేదు; అడగకుండానే కాదనడానికి ఒక సాకు అందించమని ఉంది. ఆయన ఊరికి పటేలు. కరువు వచ్చిన ఏడాది గాదెలు తెరిచి గూడేనికి జొన్నలు పోసిన మనిషి. సర్కారు గుర్రపు సవార్లు ఇంటి ముందు ఆగినా వసారా దిగనివాడు. ఆ మనిషి, ఒక ముసలమ్మ మా మెట్లు ఎక్కాలా వద్దా అని అడిగితే, "కింద ఆవకాయ కలుపుతున్నారు," అన్నారు.

 యాకోబు తలపాగా తలకు చుట్టుకున్నాడు. మా ఇంటి కప్పు కింద అతను తలపాగా చుట్టుకోవడం అంతకు ముందు ఎరగం. "అయితే మేమే దిగుతం," అన్నాడు. కిటికీ గట్టు దాటి నిచ్చెన మీద కాలు పెట్టాడు. వాడి వెనక ఆడవాళ్లు, పెద్దలు, చంకల్లో పిల్లలతో తల్లులు. గది ఖాళీ అవుతుంటే మిరపకాయ వాసన మళ్లీ ముందుకు వచ్చింది. నేను కిటికీ దగ్గరకు వెళ్లి చూశాను. సువార్తమ్మ సంచీని రెండు చేతులతో యాకోబు మెడలో వేసి, ఇత్తడి గంట తీసి ఒకసారి మోగించి, మళ్లీ సంచీలో పెట్టింది. పంతులు గారి సగం పాట ఎవరో ఎత్తుకున్నారు. మిగతా సగం ఎవరికి గుర్తొచ్చిందో, పూర్తిగా పాడారు. పాడుతూ పెరటి దారిన గూడేనికి నడిచారు. పైన మేడగదిలో మేము ముగ్గురం, వాళ్లు వదిలిపోయిన చాపలు, గట్టు మీద చింతగింజ. తాతగారు నడుము వంచకుండా కూర్చునే ఉన్నారు.

మర్నాడు పొద్దున యాకోబు మామూలుగానే పాలు పితకడానికి వచ్చాడు, ఆ ఏడు జీతం గడువు తీరేదాకా వచ్చాడు. పాలచెంబు అందిస్తుంటే నాయనమ్మ, "ఏరా పంతులూ, దేవుడు దిగాడా మరి?" అని దెప్పింది. "దిగిండమ్మా. మీ మేడ దాకా వచ్చి, నిచ్చెన దిగి మాతోనే వచ్చిండు," అని పశువుల వైపు పోయాడు. ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది. ఎవరి నీడా పడకపోయినా పట్టింది. తాతగారు ఆ తర్వాత గూడెంలో ప్రార్థనకు వెళ్లలేదు. పోతే యాకోబు నిలబడి చెప్తుంటే కింద కూర్చుని వినాలి. హాల్లో ఇంటివాళ్లకు తానే చదివేవారు. ఏటా ఆ పండుగ వచ్చేసరికి మేడగది సంగతి ఉన్న ఆ ఒక్క అధ్యాయం దాటేసి తర్వాతిది తీసేవారు. మేమెవరం అడగలేదు.

ఇదంతా తలుచుకుంటే నాకు తాతగారి మీద కోపం రాదు. అదే నా సిగ్గు. ఆయన నడకా, ఆ గొంతూ, ఆ నిటారు వీపూ నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తాయి. టేకు కమ్మీ నున్నదనం ఇప్పటికీ అరచేతికి తెలుస్తూనే ఉంది. ఆ శిష్యులు పనికి ఎలా సిద్ధపడ్డారో ఏటా విన్న ఇల్లు మాది. వినడానికి మించి మేము చేసింది, గది ఇవ్వడం. దానికి కూడా మా గుమ్మం తగలకుండా దారి వెతికాం.

పెంతెకొస్తు నాడు మా ఊరు వెళ్లాను. కొత్త గుడి గూడెం మొదట్లోనే ఉంది. మెట్లు నిజంగానే వెడల్పు, ఇద్దరు పక్కపక్కన ఎక్కవచ్చు. నా మోకాళ్లు మొదటి మెట్టు దగ్గరే మొండికేశాయి. "నేను కిందే కూర్చుంటానమ్మా, ఇక్కడికి వినిపిస్తుంది," అన్నాను. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. రూతు ఒప్పుకోలేదు. "అయ్యో, అట్లెట్లయితది? మీరు కింద, మేము పైనా?" అని ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది. ఇద్దరు మగపిల్లలు నన్ను కుర్చీతో సహా ఎత్తుకుని మెల్లగా పైకి తీసుకుపోయారు. "ముసలమ్మ బరువు లేదురా, అంత ఠీవే," అని ఒకడు రెండోవాడితో గుసగుసగా అన్నాడు. విననట్టు కూర్చున్నాను, వీపు ఆనించకుండానే. పైన గోడకు మేకు కొట్టి ఒక గుడ్డ సంచీ తగిలించి ఉంది, రంగు పోయి, అతుకులు పడి. కిటికీలన్నిటికీ కమ్ములున్నాయి.

ప్రార్థన అయ్యాక రూతు నా పక్కన చాప మీద కూర్చుని, మెట్ల సంగతి మళ్లీ అడిగింది. ఈసారి దాటవేయలేదు. టేకువి అని చెప్పాను, నున్నగా ఉండేవని, నూనెతో తుడిచేవాళ్లమని చెప్పాను. ఇప్పుడెక్కడున్నయమ్మా అంది. తాతగారు పోయాక, మేడ విప్పిన ఏడు, ఆ మెట్లను పక్క కమ్మీతో సహా కోదాడలో ఒక కలప వ్యాపారికి అమ్మేశాం.